వెనక్కి వచ్చిన పళ్లాలు

వర్క్‌షాపు నుంచి,
వాన పడుతున్న మధ్యాహ్నం

అక్కకి,

నేను క్షేమం. మీరిద్దరూ క్షేమమేనని అడక్కుండానే తెలుసు. మీ హోటల్లో చెంచా కింద పడ్డా బావ అరుపు ఇక్కడిదాకా వినిపిస్తుంది కదా!

అసలు విషయానికొస్తాను. మొన్న వచ్చినప్పుడు నువ్వు టీ గ్లాసు అందిస్తుంటే నీ చేతులు చూశాను. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. గోళ్ల చుట్టూ నానిపోయి తెల్లబడింది. అదేమిటని అడిగితే "ఉల్లిపాయలు కోశాను" అన్నావు. ఉల్లిపాయలు కళ్లలో నీళ్లు తెప్పిస్తాయి గానీ చేతులు పగలగొట్టవు. రోజంతా సబ్బు నీళ్లలో నానితే చేతులు మరెలా ఉంటాయి?

నా పని నీకు తెలుసు. హోటళ్లకీ ఆసుపత్రులకీ గిన్నెలు కడిగే మెషీన్లు బిగించడం, చెడితే బాగుచెయ్యడం. ఊరందరి పళ్లాలూ మెషీన్లో కడిగిస్తూ సొంత అక్కని మాత్రం తొట్టి దగ్గర నిలబెట్టానని ఇక్కడ అందరూ నవ్వుతున్నారు. ఈమధ్య ఒక క్యాంటీను మూసేస్తే వాళ్ల మెషీను నా చేతికొచ్చింది. మొత్తం విప్పాను. పంపు మార్చాను, తలుపు రబ్బరు కొత్తది వేశాను, లోపల పేరుకున్న సున్నం గీకేశాను. ట్రేలో పళ్లాలు నిలబెట్టి మూత కిందికి లాగితే చాలు. నువ్వెవరితోనో రెండు మాటలు మాట్లాడేలోపు పొగలు కక్కుతూ బయటికొస్తాయి. ఆ వేడికే ఆరిపోతాయి, తుడిచే పని కూడా ఉండదు.

ఊఁ అను. బండి మాట్లాడతాను.

నీ తమ్ముడు


హోటలు వెనక, తొట్టి పక్కన స్టూలు మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాశావు, మంచి పని చేశావు. ఫోను గల్లాపెట్టె పక్కన ఉంటుంది. నేను "హలో" అనగానే మీ బావ చెవులు రెండూ వంటగదిలోంచి బయటికొస్తాయి. ఇకమీదట కూడా ఉత్తరాలే రాయి.

నీ మెషీను నాకొద్దు.

నాకు రెండు తొట్లున్నాయి. ఒకదాంట్లో వేడి సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో చల్లనీళ్లు. ఎదురుగా కిటికీ. హాల్లో తిన్న పళ్లాలు ఆ కిటికీలోంచి నా చేతికే వస్తాయి. పళ్లెం ముంచి అరచేత్తో ఒకసారి నిమిరితే జిడ్డు పోయిందో లేదో నా చేతికి తెలిసిపోతుంది. నీ మెషీనుకి చెయ్యి ఉందా? అడుగంటిన మూకుడు కనిపిస్తే అదేం చేస్తుంది, బతిమాలుతుందా? నేనైతే నానబెట్టి, పీచు పట్టుకుని నాలుగు దెబ్బలు వేస్తాను. చచ్చినట్టు దారికొస్తుంది.

చేత్తో కడిగితే నీళ్లు ఎక్కువ పోతాయని వచ్చే ఉత్తరంలో రాస్తావు. రాయకు. చిన్నప్పుడు నువ్వొక్కడివి స్నానం చేస్తే వీధంతా తడిసేది. నువ్వు నాకు నీళ్ల పొదుపు చెప్పడం దయ్యాలు వేదాలు వల్లించినట్టే ఉంటుంది.

చేతులకేముంది, నూనె రాసుకుంటున్నాను. వాటికి లేని బాధ నీకెందుకు?

మీ బావ ఎప్పట్లాగే ఉన్నారు. మూల బల్ల దగ్గర ఒక పెద్దమనిషి కూర్చుంటాడు, ఆయనతో రోజూ యుద్ధమే. ఆ పెద్దమనిషికి రోజుకో వంక. ఇవాళ ఉప్పెక్కువంటాడు, రేపు మిరియాలు కంటికి కనబడలేదంటాడు. నేను లోపలికి వెళ్లి చెప్పగానే మీ బావ గరిట ఊపుతూ, "వాడి నాలుక తెచ్చి ముందు నీ తొట్లో వేసి తోము!" అని గంతులు. తిట్టడం తిట్టి, మర్నాడు సరిగ్గా వాడు చెప్పినట్టే చేస్తారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు గానీ, తెల్లారేసరికి నాలుగో కాలు అతికించేస్తారు.

మెషీను ఇంకెవరికైనా ఇచ్చుకో.

అక్క


వర్క్‌షాపు నుంచి

అక్కా,

నీళ్ల సంగతి రాయనులే. రాస్తే నా స్నానాల చరిత్రంతా తవ్వుతావు.

చేతికి జిడ్డు తెలుస్తుందన్నావు. ఒప్పుకున్నాను. మరి ఆ చెయ్యి ఎంత వేడి తట్టుకుంటుంది? మెషీను చివర్లో చిమ్మే నీళ్లలో నువ్వు వేలు పెడితే వీధి చివరికి కేక వినిపిస్తుంది. అంత వేడికి ఏ క్రిమీ బతకదు. నీ చల్లనీళ్ల తొట్టి మధ్యాహ్నానికి ఏ రంగులోకి వస్తుందో నేను చూశాను కాబట్టి ఇంకేం మాట్లాడను.

అలాగని నా బంగారు తల్లిని మరీ పొగడను. అడుగంటిన మూకుళ్లు దాని వల్ల కావు. చెక్క గరిటెలు వేస్తే పగుళ్లిస్తాయి, కత్తులు వేస్తే మొండివవుతాయి. అవన్నీ నువ్వే తోముకో, నీ పీచుకి పని లేకుండా పోదు. పళ్లాలూ గ్లాసులూ మాత్రం దానికి వదిలెయ్. రబ్బరు తొడుగులు వేసుకోమంటే "జిడ్డు తెలియదు" అంటావు, మెషీను తెస్తానంటే "దానికి చెయ్యి లేదు" అంటావు. నీ చేతులు నీకు చేదా?

బావతో మాట్లాడాను. ఒప్పుకున్నారు. "మీ అక్క ఇక తనకి నచ్చిన చోట నిలబడొచ్చు" అన్నారు. ఈ సెలవు రోజున మెషీనుతో సహా దిగుతున్నాను. కోపమొస్తే కొట్టు, భోజనం మాత్రం పెట్టు.

తమ్ముడు


గల్లాపెట్టె దగ్గర నుంచి

తమ్ముడికి,

నువ్వు వచ్చావు, బిగించావు, వెళ్లావు. మెషీను బాగానే నడుస్తోంది. గ్లాసులు మెరుస్తున్నాయి, ఎవరూ వంక పెట్టలేదు. పాత సామాన్ల గదిలో దానికి చోటు బాగా కుదిరింది. నా కిటికీకి అడ్డంగా నువ్వు బిగించిన గ్లాసుల స్టాండు కూడా గట్టిగానే ఉంది.

నచ్చిన చోట నిలబడమన్నారట. పొయ్యి దగ్గర ఆయనుంటారు. బల్లల దగ్గర మన తొందరయ్య ఉంటాడు, వడ్డించేదీ వాడే, ఎత్తేదీ వాడే, మిగిలింది బుట్టలో దులిపి మెషీన్లో పెట్టేదీ వాడే. ఇంక నాకు మిగిలింది గల్లాపెట్టె. కూర్చున్నాను.

చేతులు తగ్గుముఖం పట్టాయి.

వేరే విశేషాలు లేవు.

అక్క


వర్క్‌షాపు నుంచి

అక్కా,

ఇదేం ఉత్తరం? నువ్వే రాశావా, తొందరయ్య చేత రాయించావా? నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. మా ఆవిడ చదివి, "మీ అక్కకి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోండి" అంది.

మెషీన్లో ఏదైనా తేడా ఉంటే చెప్పు. గ్లాసుల మీద తెల్లటి మచ్చలు పడుతున్నాయా? పళ్లాలు ఒకదానికొకటి ఆనుకుంటున్నాయా? తొందరయ్య తొందరలో ట్రే నిండా కుక్కేస్తున్నాడేమో చూడు. నీళ్లు తగలడానికి సందు ఉండాలి.

మూల బల్ల పెద్దమనిషి ఎలా ఉన్నాడు? ఆయన కబుర్లే లేవు ఈసారి. వంటగదిలోకి అసలు వెళ్తున్నావా, గల్లాపెట్టెకే అతుక్కుపోయావా?

తమ్ముడు


గల్లాపెట్టె దగ్గర నుంచి,
హోటలు ఖాళీగా ఉన్నప్పుడు

ఒరేయ్,

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇంక నావల్ల కాదు.

మీ బావకి రుచి తెలియడం లేదు.

చలికాలంలో ఆయనకి జ్వరం వచ్చింది గుర్తుందా? జ్వరం పోయింది, జలుబు పోయింది, పోతూ పోతూ వాసననీ రుచినీ కూడా వెంట తీసుకుపోయాయి. ఆయన నాతో ఒక్క ముక్క చెప్పలేదు. ఒకరోజు పాలు విరిగాయని చూసుకోకుండా టీ పెట్టేశాను. నేను ఒక గుక్క తాగి ఉమ్మేశాను. ఆయన గ్లాసంతా ఖాళీ చేసి, "టీ బ్రహ్మాండం" అని గ్లాసు నా తొట్లో పడేసి వెళ్లిపోయారు. నా టీని ఆయన ఏనాడూ బ్రహ్మాండం అనలేదు.

ఆయన సంగతి నీకు తెలుసు. ఊళ్లో నలుగురు "ఆయన చేతి వంట" అంటే చాలు, ఆ రోజుకి అన్నం కూడా అక్కర్లేని మనిషి. తన గిన్నెలో ఇంకొకరి గరిట పడకూడదని పెళ్లయిన కొత్తలోనే నాకు చెప్పేశారు, నేనూ ఏనాడూ ముంచలేదు. పనిలో నాకు పూటకి పెరుగన్నమే, ఆ కూరలు నా పళ్లెంలోకి రావు. ఇప్పుడు రుచి చూస్తానంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఆ మనిషి మళ్లీ పొయ్యి ముందు నిలబడగలరా? నాకు ఆ భయమే ఎక్కువ. హోటలు పోతే ఇంకోటి చూసుకోవచ్చు.

అందుకని పళ్లాలు చూడడం మొదలుపెట్టాను. జనం మొహమాటానికి బాగుందంటారు, వదిలేసేది మాత్రం పళ్లెంలో వదిలేస్తారు. ఉప్పెక్కువైతే కూర అలాగే ఉండిపోయి అన్నం మాత్రం ఖాళీ అవుతుంది. చప్పగా ఉంటే పళ్లెం అంచున ఉప్పు గింజలు అంటుకుని ఉంటాయి. మాడితే ఒక్క ముద్ద తిన్న గుంట కనిపిస్తుంది, మిగతాదంతా పక్కకి నెట్టేసి ఉంటుంది. రోజంతా అలా చూసుకుని, సాయంత్రం లోపలికి వెళ్లి, "మూల బల్ల పెద్దమనిషి ఇలా అన్నాడు" అనేదాన్ని.

మూల బల్ల పెద్దమనిషి లేడురా. వాణ్ని నేనే పుట్టించాను.

ఇప్పుడు పళ్లాలు నా కంటికి కనబడవు. తొందరయ్య బుట్టలో దులిపేసి, మెషీను మూత లాగేసి, అద్దంలాంటి పళ్లాలు తెచ్చి నాకు చూపించి మురిసిపోతాడు. అద్దంలాంటి పళ్లెంలో నాకేం కనిపిస్తుంది, నా మొహం తప్ప?

బట్టల ఫ్యాక్టరీ వాళ్లు రోజూ మధ్యాహ్న భోజనం మన దగ్గరే తీసుకుంటామన్నారు. ముందు ఒక పూట పంపించి చూపించమన్నారు. ఆ ముందురోజు గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూస్తే, జనం జగ్గులకి జగ్గులు నీళ్లు తాగుతున్నారు. ఉప్పు ఎక్కువైపోయిందనుకున్నాను. పరిగెత్తుకెళ్లి, "పెద్దమనిషి నోరు ఉప్పుకషాయమైపోయిందన్నాడు, సగానికి తగ్గించండి" అన్నాను. మీ బావ ఎదురు మాట్లాడలేదు. మర్నాడు ఫ్యాక్టరీ వంటలో సగమే వేశారు. తీరా చూస్తే ఉప్పు కాదు ఏమీ కాదు, ముందురోజు ఎండ అలా కాసింది, అందుకని నీళ్లు తాగారు.

ఫ్యాక్టరీ నుంచి డబ్బాలు డబ్బాలుగానే తిరిగొచ్చాయి. చప్పిడి కూడు. మూతలు తీసి చూస్తూ మీ బావ నిలబడిపోయారు. అరవలేదు, గరిట ఊపలేదు. "సరిగ్గానే వేశానే" అని ఒక్క మాట అన్నారు, అదీ తనలో తాను. ఆ మాట నన్ను కోసేసింది.

ఫ్యాక్టరీ మేనేజరు ఈ వారంలో వచ్చి మాట్లాడతానన్నాడు. ఏం మాట్లాడతాడో తెలుస్తూనే ఉంది. నువ్వు వెంటనే వచ్చి మెషీను చెడిపోయిందని చెప్పు. విప్పి తీసుకుపో. నన్ను నా తొట్టి దగ్గరికి పోనీ. చేతులు పగిలితే పగలనీ.

అక్క


వర్క్‌షాపు నుంచి,
ఉత్తరం అందిన రోజే

అక్కా,

చెడిపోయిందని అబద్ధం చెప్పమంటే చెప్పేవాణ్నే. కానీ ఇప్పటికే ఒకటి మోస్తున్నాను. రెండోదానికి చోటు లేదు. బావకి మాటిచ్చాను, ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. ఆయన తిట్టుకుంటే తిట్టుకోనీ.

మెషీను ఆలోచన నాది కాదు. బావది.

పెద్ద గిన్నెలు కొనడానికని చెప్పి ఆయన ఒకరోజు ఊరు వెళ్లారు గుర్తుందా? గిన్నెల కొట్టుకి కాదు, నా దగ్గరికొచ్చారు. వర్క్‌షాపులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని చాలాసేపు నట్లు ఏరుతూ ఉండిపోయారు. తర్వాత అన్నారు, "నాకు రుచి చచ్చిపోయిందిరా. మీ అక్కకి తెలుసు. తెలిసినట్టు నాకు తెలియనివ్వడం లేదు."

"అక్కకి తెలుసని మీకెలా తెలుసు బావా?" అన్నాను.

"మూల బల్లకి కుర్చీయే లేదురా! కాలు విరిగితే అటక మీద పడేసి ఎంత కాలమైందో. మీ అక్క రోజంతా ఆ తొట్టికి అతుక్కుని ఉంటుంది, హాల్లో ఏ కుర్చీ ఉందో ఏది లేదో తనకేం తెలుసు? లేనివాణ్ని తెచ్చి కూర్చోబెట్టింది. నేను వాడితో రోజూ పోట్లాడుతున్నాను. ఆ లేనివాడే లేకపోతే నా హోటలు ఏనాడో మూతపడేది."

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"నా నాలుక కోసం మీ అక్క చేతులు పుళ్లయిపోతున్నాయి. చూడలేకపోతున్నాను. ఎలాగోలా తనని ఆ తొట్టి దగ్గర నుంచి ఇవతలికి తీసుకురా. పని లేకపోతే పొయ్యి దగ్గరికి వస్తుంది. వచ్చి నా గిన్నెలో గరిట ముంచితే నేనొక్క మాట అనను."

"ఆ ముక్కేదో మీరే అడగొచ్చుగా?"

"అడిగితే చెప్పాలి కదరా. చెప్పాక మీ అక్క నన్ను జాలిగా చూస్తే? ఊరంతా చూసినా ఓర్చుకుంటాను. మీ అక్క చూస్తే ఓర్చుకోలేను."

అదీ సంగతి. నచ్చిన చోట నిలబడమన్నది అందుకే. నువ్వేమో రోషానికి పోయి గల్లాపెట్టె దగ్గర చతికిలబడ్డావు. ఆయన అక్కడ పొయ్యి ముందు ఎదురుచూస్తున్నారు. సగం ఉప్పు వెయ్యమంటే ఎదురు చెప్పకుండా ఎందుకు వేశారో ఇప్పటికైనా అర్థమైందా? ఆ మాట నీదని తెలుసు కాబట్టి వేశారు.

మెషీను విప్పను. లేచి వంటగదిలోకి వెళ్లు.

తమ్ముడు


వంటగది నుంచి,
పొయ్యి ఆర్పాక

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వూ మీ బావా దొందూ దొందే. ఇద్దరూ కలిసి నా వెనక ఇంత నాటకమాడతారా? ఎదురుగా ఉంటే ఇద్దరికీ చెరో మూకుడు ఇచ్చి తోమించేదాన్ని. మీరిద్దరేనా, నేనూ ఏం తక్కువ తిన్నాను? కుర్చీ లేని బల్లకి మనిషిని కూర్చోబెట్టిన తెలివి నాది!

నీ ఉత్తరం గల్లాపెట్టె దగ్గరే చదివాను. చిల్లర కోసం ఒకాయన చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఆయన్ని అలాగే నిలబెట్టి లోపలికి వెళ్లాను. మీ బావ కూర గిన్నె మీదుగా చెయ్యి పట్టి నిలబడి ఉన్నారు, గుప్పిట్లో ఉప్పు. వెయ్యడం లేదు, డబ్బాలో తిరిగి పొయ్యడం లేదు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఆయన చెయ్యి పక్కకి నెట్టి, గరిట తీసుకుని ఆ గిన్నెలో ముంచి, నోట్లో పెట్టుకున్నాను.

"ఇంకో చిటికెడు," అన్నాను.

వేశారు.

"చాలు."

గుప్పిట్లో మిగిలింది డబ్బాలో పోసేశారు. తర్వాత నా మొహంలోకి చూశారు, ఏదో వెతుకుతున్నట్టు. జాలి కోసమే వెతుకుతున్నారని నీ ఉత్తరం చదివాను కాబట్టి తెలిసింది. "ఏమిటా చూపు? మాడిపోతోంది, కలపండి!" అని కసిరాను. కలిపారు. ఆయన భుజాలు దిగాయి. పెళ్లయ్యాక నేను కసిరితే ఆయన సంతోషించడం ఇదే మొదలు.

మర్నాడు ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. నేను ఎండ మీదా నీళ్ల మీదా నాలుగు సాకులు సిద్ధం చేసుకున్నాను. నన్ను నోరు తెరవనిస్తేనా! మీ బావ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, తొందరయ్యా తింటున్నవాళ్లూ అందరూ వింటుండగా అన్నారు, "నాకు జ్వరంలో రుచి పోయిందండీ. మీకు పంపిన తిండి చప్పగా ఉందని మీ డబ్బాలు చూసేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు మా ఆవిడ రుచి చూడకుండా ఏ గిన్నే పొయ్యి దిగదు. ఇంకో పూట పెట్టి చూడండి." నాకు గర్వంతో గుండె నిండిపోయింది. ఆ మాట బయటికి రావడానికి ఆయన లోపల ఎంత నలిగారో నాకు తెలుసు. మేనేజరు రేపు ఒక పూట పంపించమన్నాడు. ఆ తర్వాత సంగతి వాళ్ల పళ్లాలే చెబుతాయి.

డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాను. రుచి తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ఓపిక పట్టమన్నాడు. పడతాం.

నీ మెషీను ఉండనీ. పని మంచిదే, ఒప్పుకుంటున్నాను, ఇదొక్కసారే ఒప్పుకుంటాను, దాచుకో. కాకపోతే పద్ధతి మార్చాను. తిన్న పళ్లాలు ముందు పొయ్యి పక్క బల్ల మీదికి వస్తాయి. నేనూ మీ బావా చూశాకే తొందరయ్య మెషీనుకి తీసుకెళ్తాడు. వాడు అలిగాడు, అలగనీ. మూకుళ్లు నేనే తోముతున్నాను. వాటిని ఇంకొకరికి అప్పజెప్పేది లేదు.

అసలు రాయాలని కూర్చున్నది ఇంకోటి. ఇవాళ హోటలు ఖాళీ అయ్యాక ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. ఆయన తను వండిన కూర ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా నన్ను చూస్తూ ఉండిపోయారు.

"ఎలా ఉంది?" అన్నారు.

"బాగుంది," అన్నాను.

"అలా కాదు. ఎలా బాగుందో చెప్పు."

ఇన్నేళ్లలో ఆ వంట గురించి ఎవరు ఏ వంక పెట్టారో మోసుకెళ్లి చెప్పానే గానీ, ఎలా బాగుందో నేనెప్పుడూ చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బంగాళాదుంప మెత్తగా ఉంది, కానీ విరిగిపోలేదు అన్నాను. ఉల్లిపాయ ఎర్రగా వేగి తియ్యబడింది, మిరియాలు ముందు తెలియవు, మింగాక గొంతులో వెచ్చగా తగులుతాయి అన్నాను. ఆయన కళ్లు మూసుకుని నమలడం మొదలుపెట్టారు. నేను ఆగితే ఆయన ఆగుతున్నారు. ఇంక ఆపకుండా చెబుతూనే ఉన్నాను. నా పళ్లెంలో కూర చల్లారిపోయింది, ఆయన మాత్రం కడుపునిండా తిన్నారు.

అక్క